స్కాన్ చెప్పనిది మోకాలు చెబుతుంది

పరుగెత్తుతున్న మనిషి చటుక్కున ఆగి పక్కకు తిరగబోతాడు. పాదం నేలకు అతుక్కున్నట్టు అక్కడే ఉండిపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. మోకాల్లో టప్‌మని చప్పుడు. ఎవరూ ఢీకొట్టలేదు, ఎవరూ తోయలేదు. కాసేపు కూర్చుని లేచి నాలుగడుగులు వేస్తే నొప్పి తగ్గినట్టే ఉంటుంది కూడా. రెండు మూడు గంటలు గడిచేసరికి మోకాలిచిప్ప అంచులు కనబడనంతగా వాపు వచ్చేస్తుంది.

ఈ సంగతి విన్న ఎముకల డాక్టరు మోకాలు ముట్టుకోకముందే సగం నిర్ధారణకు వచ్చేస్తారు. దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బిందంటే లోపల చేరింది రక్తమని అర్థం. అలా రక్తం చేరిన మోకాళ్లలో సుమారు పదింటికి ఏడు ఏసీఎల్ తెగినవే ఉంటాయి. ఏసీఎల్ అంటే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఒక లిగమెంటు, గట్టి పట్టీ లాంటిది. మర్నాటికి మెల్లగా వచ్చే వాపు వేరు, అది చాలావరకు లోపలి పొర రేగి ఊరిన నీరు. తర్వాత ఎమ్మారై తీస్తారు, ‘ఏసీఎల్ పూర్తిగా తెగింది’ అని రిపోర్టు వస్తుంది, అక్కణ్నుంచి చుట్టూ ఉన్న అందరి నోటా ఒకటే మాట: ఆపరేషన్ ఎప్పుడు?

ఆ ప్రశ్నకు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, మోకాలు పట్టు తప్పుతోందా అని. అది ఈ హడావిడిలో ఎగిరిపోతుంది. రిపోర్టు మాట్లాడేది లిగమెంటు గురించి, నిర్ణయం తీసుకోవాల్సింది మోకాలి గురించి. ఏసీఎల్ ఆనవాలు కూడా లేకుండా గట్టిగా నిలబడే మోకాళ్లున్నాయి. సగమే తెగినా మెట్లు దిగుతుంటే పట్టు తప్పే మోకాళ్లూ ఉన్నాయి. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు డెజువాన్ బ్లెయిర్‌కు హైస్కూలు రోజుల్లో రెండు మోకాళ్లకూ ఆపరేషన్లు జరిగాయి. తర్వాత చూస్తే రెండింటిలోనూ ఏసీఎల్ లేదని తేలింది. అతను 2009లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో అడుగుపెట్టి కొన్నేళ్లపాటు ఆడాడు. బ్లెయిర్ అరుదైన మినహాయింపే. కానీ స్కాన్‌లో లిగమెంటు కనబడకపోవడానికీ మోకాలు పనిచేయకపోవడానికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో అతని కాళ్లు చూపించాయి.

తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ పట్టి ఉంచే ప్రధాన లిగమెంట్లు నాలుగు. లోపలి పక్కన ఎంసీఎల్, బయటి పక్కన ఎల్‌సీఎల్, కీలు నడిమధ్యన కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతూ ఏసీఎల్, పీసీఎల్. ఏసీఎల్ పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, మందం చిటికెన వేలంత. కింది కాలి ఎముక ముందుకు జారకుండా, లోపలికి మెలి తిరగకుండా ఆపడం దాని పని. తిన్నగా నడిచేటప్పుడు దాని మీద పడే భారం తక్కువ. ఒక్కసారిగా ఆగడం, మలుపు తిరగడం, ఎగిరి ఒంటికాలి మీద దిగడం, దానికి అసలు పని పడేది అప్పుడు.

లిగమెంటు తెగిందన్న మాట ఒకటే అయినా ఏది తెగిందన్న దాన్ని బట్టి దారి మారిపోతుంది. ఎంసీఎల్ కీలుకు బయట, రక్తసరఫరా బాగా ఉన్నచోట ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డను పట్టుకునే కొత్త కణజాలం అల్లుకుంటుంది. అందుకే ఎంసీఎల్ ఒక్కటే తెగితే చాలామందికి బ్రేస్ (మోకాలికి తొడిగే ఆసరా), కొన్ని వారాల ఓపిక, వ్యాయామం సరిపోతాయి. పీసీఎల్ ఒక్కటే తెగినప్పుడూ ఎక్కువగా ఇదే పద్ధతి. ఏసీఎల్ ఖర్మ ఏమిటంటే అది ఉండేది కీలు ద్రవం మధ్యన. కొసల మధ్య గడ్డ నిలిచేలోపే ఆ ద్రవం దాన్ని కరిగించేస్తుంది, చాలాసార్లు కొసలు ఒకదానికొకటి దొరకవు.

మరి కుట్టేస్తే పోదా అనిపిస్తుంది. వైద్యులకూ మొదట అలాగే అనిపించింది. 1895లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జన్ ఒక గని కార్మికుడి మోకాల్లో తెగిన లిగమెంట్లను కుట్టాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు కుట్లు వేస్తూనే వచ్చారు, కొన్నేళ్లు గడిచేసరికి చాలా మోకాళ్లు మళ్లీ వదులయ్యేవి. 1980ల్లో కృత్రిమ పోగులతో చేసిన లిగమెంట్లు వచ్చాయి. అవి అరిగి, ఆ పొడి కీలును రేపుతుండటంతో చాలావాటిని మూలన పడేశారు. కుట్టే ఆలోచన పూర్తిగా చచ్చిపోలేదు. రోగి రక్తంతో తడిపిన కొలాజెన్ స్పాంజిని కొసల మధ్య పెట్టి కుట్టే ‘బేర్’ అనే పద్ధతికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ప్రస్తుతానికి మాత్రం ‘ఏసీఎల్ ఆపరేషన్’ అంటే చాలాచోట్ల కుట్టడం కాదు. ఒంట్లోని మరో చోట నుంచి తీసిన స్నాయువును (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) ఎముకల్లో సొరంగాలు తొలిచి, పాత లిగమెంటు స్థానంలో బిగించడం.

టేబుల్ మీద తేలేది

ఏసీఎల్ తెగిందో లేదో చేత్తోనే చూసే లాక్‌మన్ పరీక్షకు అనుభవమున్న చేతుల్లో పట్టేది పది సెకన్లు. రోగి వెల్లకిలా పడుకుంటాడు. మోకాలు కొద్దిగా, ఇరవై ముప్ఫై డిగ్రీలు వంచి, డాక్టరు ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని రెండో చేత్తో కింది కాలిని ముందుకు లాగుతారు. ఏసీఎల్ బాగుంటే ఎముక కొద్దిగా కదిలి, తాడు బిగిసినట్టు టక్కున ఆగిపోతుంది. తెగితే ఆ ఆగడం ఉండదు. ఎముక మెత్తగా, హద్దు లేనట్టు ముందుకు వచ్చేస్తుంది. అప్పటిదాకా నమ్మకం కుదరని రోగి కూడా ఆ క్షణాన తల ఎత్తి తన మోకాలి వంక చూసుకుంటాడు. రెండో కాలికీ అదే పరీక్ష చేయాలి, ఎందుకంటే కొందరి కీళ్లు పుట్టుకతోనే వదులు. వాపు, నొప్పి ఉన్న తొలిరోజుల్లో తొడ కండ బిగబట్టి ఈ పరీక్షను మోసం చేయగలదు. అందుకే రెండు మూడు వారాలాగి మళ్లీ చూడటం మంచి డాక్టర్లకు అలవాటు.

ఎమ్మారై అక్కర్లేదని కాదు. దాని అసలు విలువ ఏసీఎల్ తెగిందని చెప్పడంలో కంటే, దాంతోపాటు ఇంకేం పాడైందో చెప్పడంలో ఉంది. రెండు ఎముకల మధ్య మెత్తల్లా ఉండే మెనిస్కస్‌లు, ఎముక చివరన ఉండే మృదులాస్థి, మిగతా లిగమెంట్లు. ఆగకూడని సందర్భాలు బయటపడేది ఇక్కడే. మెనిస్కస్ చిరిగి ఆ ముక్క కీలు మధ్యకు మడతపడితే మోకాలు ఒక కోణంలో ఇరుక్కుపోతుంది, పూర్తిగా చాపుదామన్నా సాగదు. దాన్ని త్వరగా సరిచేయాలి, వారాలు గడిచేకొద్దీ కుట్టడానికి వీల్లేకుండా పోతుంది. రెండు మూడు లిగమెంట్లు కలిసి తెగాయంటే మోకాలు ఒకసారి పూర్తిగా తొలగి తిరిగి కూర్చుని ఉండొచ్చు. అప్పుడు మోకాలి వెనకున్న పెద్ద ధమని దెబ్బతిందేమో చూడటం గంటల్లో జరగాల్సిన పని. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు కదలకపోయినా అది ఎమర్జెన్సీ. ఈ కొన్నింటిని పక్కన పెడితే, ఏసీఎల్ ఒక్కటే తెగిన మోకాలికి తొలి వారంలో కొంపలు మునిగే తొందరేమీ లేదు.

పైగా తొందరపడితే నష్టం కూడా. వేడిగా, వాచి, సరిగ్గా చాపలేని మోకాలికి కత్తి పెడితే లోపల మచ్చ కణజాలం పెరిగి కీలు బిగుసుకుపోయే ముప్పు పెరుగుతుంది. అందుకే సర్జన్లు ఆపరేషన్ ఖాయమైనా ముందు మోకాలు చల్లబడాలని, పూర్తిగా చాపడం రావాలని, కుంటకుండా నడవగలగాలని చూస్తారు. ఈ దశకు రావడానికి తరచూ మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడేవారికి ఇది ఒక వెసులుబాటు. రెండు దారుల్లో ఏది పట్టినా తొలి నెలన్నర చేయాల్సిన పని ఒకటే.

మూడు ప్రయోగాలు, ఒకే చిక్కుముడి

ఈ నిర్ణయం మీద నికరంగా చేసిన ప్రయోగాలు లెక్కకు తక్కువే, వాటిలో మూడు తరచూ చర్చకు వస్తాయి. మొదటిది స్వీడన్‌లో జరిగిన కానన్. దీని ఫలితాలు 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. తాజాగా ఏసీఎల్ తెగిన, చురుగ్గా ఆటలాడే 121 మంది యువకులను చీటీ వేసినట్టు రెండుగా విడదీశారు. ఒక వర్గానికి త్వరగా ఆపరేషన్, దాంతోపాటు వ్యాయామం. రెండో వర్గానికి ముందు వ్యాయామం, మోకాలు పట్టు తప్పుతుంటే అప్పుడు ఆపరేషన్. రెండేళ్ల తర్వాత నొప్పి, రోజువారీ పని, ఆట, జీవన నాణ్యత కలిపి చూస్తే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో వర్గంలోని 59 మందిలో రెండేళ్లకు 23 మంది, ఐదేళ్లకు 30 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. 2021లో వచ్చిన నెదర్లాండ్స్ ప్రయోగంలో 167 మంది ఉన్నారు. అక్కడా వ్యాయామంతో మొదలుపెట్టిన వారిలో సగం మంది రెండేళ్లలో ఆపరేషన్ వైపు వెళ్లారు. ముందే చేయించుకున్నవారికి మార్కులు కాస్త మెరుగ్గా వచ్చాయి గానీ, ఆ తేడా రోగికి తెలిసేంత పెద్దదా అన్నది పరిశోధకులకే అనుమానం.

2022లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ ప్రయోగం దీనికి అడ్డం తిరిగినట్టు కనిపిస్తుంది. 316 మంది, పద్దెనిమిది నెలల తర్వాత మోకాలి పరిస్థితికి ఇచ్చిన మార్కులు ఆపరేషన్ వర్గానికి 100కి 73, వ్యాయామ వర్గానికి 64.6. స్పష్టంగా ఆపరేషన్‌దే పైచేయి. ఆపరేషన్ సమర్థకులు ఈ అంకెను, వ్యతిరేకులు కానన్ అంకెను పట్టుకుని వాదించుకుంటుంటారు. ఎవరి మీద ప్రయోగం చేశారన్నది చూడకపోవడం వల్లే ఈ వాదన. కానన్‌లో చేరినవారు దెబ్బ తగిలి నాలుగు వారాలైనా కానివారు. వాళ్లలో ఎవరి మోకాలు నిలబడుతుందో, ఎవరిది నిలబడదో అప్పటికింకా తేలలేదు. బ్రిటన్‌లో చేరినవారు గాయం పాతబడినా మోకాలు ఇంకా పట్టు తప్పుతూనే ఉన్నవారు. అంటే కానన్‌లో ఐదేళ్లలో ఆపరేషన్‌కు వెళ్లిన ఆ సగం లాంటి మనుషులే అక్కడ మొత్తంగా చేరారు. పట్టు తప్పుతున్న మోకాలికి ఇంకొన్ని నెలల వ్యాయామం కంటే ఆపరేషన్ మేలు చేయడంలో వింతేముంది?

కలిపి చదివితే ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయి. తాజా గాయమైతే మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేయించి చూడటం సహేతుకం. దాన్ని కాలయాపన అనుకోకూడదు, అదే అసలైన పరీక్ష. దాదాపు సగం మంది అక్కడే బయటపడతారు. మిగతా సగానికి మోకాలే చెప్పేస్తుంది. అయితే ఈ పరీక్షకు ఒక షరతు ఉంది, దాన్ని దాటవేసేవారే ఎక్కువ. మోకాలు జారిన ప్రతిసారీ మెనిస్కస్ రెండు ఎముకల మధ్య నలుగుతుంది. కండలు బలపడ్డాక కూడా మోకాలు ఒకటి రెండుసార్లు పట్టు తప్పిందంటే పరీక్ష అయిపోయినట్టే, ఫలితం వచ్చినట్టే. ‘అప్పుడప్పుడూ జారుతుందిలే, అలవాటైపోయింది’ అంటూ ఏళ్లు నెట్టుకొచ్చేవారు ఏసీఎల్‌తో మొదలైన గాయాన్ని మెనిస్కస్ దాకా, మృదులాస్థి దాకా తీసుకెళ్తారు. ఆపరేషన్ వద్దనుకోవడం ఒక నిర్ణయం. ఏదీ అనుకోకుండా ఉండిపోవడం నిర్ణయం కాదు, బెడిసికొట్టేది ఎక్కువగా అదే.

ఈ పరీక్ష అవసరం లేకుండానే ఆపరేషన్ వైపు మొగ్గాల్సిన మనుషులూ ఉన్నారు. ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి మలుపులు తిరిగే ఆటకు తిరిగి వెళ్లక తప్పని యువ ఆటగాళ్లు, కుట్టగలిగిన మెనిస్కస్ చిరుగు కూడా ఉన్నవారు, నిచ్చెనలెక్కి పనిచేసే అగ్నిమాపక సిబ్బంది లాంటివారు. మోకాలు ఒక్కసారి తప్పితే ప్రాణం మీదికొచ్చే పనిలో ఉన్నవారికి ‘చూద్దాం’ అనే వెసులుబాటు లేదు. సైకిలు, ఈత, తిన్నటి పరుగుతో తృప్తిపడేవారికి ఆ వెసులుబాటు చాలానే ఉంది. వయసు ఒక్కటే గీటురాయి కాదు. నలభై ఐదేళ్లకు స్కీయింగ్ మానలేనివాడి మోకాలికి, ఇరవై ఐదేళ్లకే ఆటలంటే ఆసక్తి లేనివాడి మోకాలి కంటే ఏసీఎల్ అవసరం ఎక్కువ.

‘ఆపరేషన్ చేయించకపోతే మోకాలు అరిగిపోతుంది’ అన్న మాట గురించి. రోగిని సంతకం దాకా నడిపించే వాదనల్లో బహుశా ఇదే బలమైనది, ఆధారం తక్కువైనదీ ఇదే. ఏసీఎల్ తెగిన పది ఇరవై ఏళ్లకు దాదాపు సగం మందిలో అరుగుదల కనిపిస్తుందన్నది నిజం. ఆపరేషన్ దాన్ని ఆపుతుందని మాత్రం ఇంతవరకు రుజువు కాలేదు. దెబ్బ తగిలిన క్షణంలోనే మృదులాస్థి మీద, ఎముక మీద పడిన ఒత్తిడి తన పని తాను చేసిపోతుంది. మెనిస్కస్ దక్కిందా పోయిందా అన్నది తర్వాతి ఏళ్లలో పెద్ద తేడా తెస్తుంది. పట్టు తప్పే మోకాలిని నిలబెట్టి మెనిస్కస్‌ను కాపాడటం ఆపరేషన్‌కు న్యాయమైన కారణమే. అరుగుదల నుంచి గ్యారంటీ అని చెప్పడం న్యాయం కాదు.

మూడో దారి ఒకటి ఈమధ్య వినబడుతోంది. ఆస్ట్రేలియా బృందం 2023లో ప్రచురించిన పద్ధతిలో, తాజాగా ఏసీఎల్ తెగినవారి మోకాలిని బ్రేస్‌తో 90 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు బిగించి ఉంచి, తర్వాత కొంచెం కొంచెంగా వదులుతూ పన్నెండు వారాలకు తీసేస్తారు. మోకాలు వంగి ఉన్నప్పుడు కొసలు దగ్గరవుతాయన్నది ఆలోచన. 80 మందిలో 90 శాతానికి మూడు నెలల స్కాన్‌లో లిగమెంటు అతుకుతున్న జాడ కనిపించింది. ఆశ పుట్టించే అంకే. కాకపోతే పోల్చి చూడటానికి రెండో వర్గం లేదు, అతికినట్టు కనిపించిన లిగమెంటు పాతదంత బలంగా ఉంటుందన్న హామీ లేదు, కాలు వారాలపాటు కట్టిపడేస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. ఇది ఇంట్లో బ్రేస్ కొనుక్కుని చేసుకునే వైద్యం కాదు.

తొడ కండ అలక

ఆపరేషన్ వైపు వెళ్లినవారికి తర్వాతి ప్రశ్న గ్రాఫ్ట్, అంటే బిగించే ఆ స్నాయువు, ఎక్కడి నుంచి అన్నది. మోకాలిచిప్ప కింది స్నాయువు గట్టిది, రెండు చివర్లా ఎముక ముక్కలతో రావడంతో సొరంగాల్లో త్వరగా అతుక్కుంటుంది. బదులుగా మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి ఏళ్ల తరబడి ఉండొచ్చు. తొడ వెనక కండ హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీస్తే ఆ నొప్పి తక్కువ, మోకాలు మడిచే బలం కొంత తగ్గుతుంది. తొడ ముందరి స్నాయువు ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చింది. మరణించిన దాత నుంచి తీసుకున్న గ్రాఫ్ట్ అయితే సొంత ఒంట్లో కోత తప్పుతుంది, కానీ ఆటలాడే యువకుల్లో అది మళ్లీ తెగే అవకాశం గణనీయంగా ఎక్కువ. మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువున్న యువకులకు హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తోపాటు మోకాలి బయటి పక్కన ఇంకో పట్టీ బిగించే పద్ధతి ఉంది. 25 ఏళ్లు, ఆలోపు వయసున్న 618 మందితో జరిగి 2020లో ప్రచురితమైన ప్రయోగంలో, ఆ పట్టీ వల్ల రెండేళ్లలో గ్రాఫ్ట్ తెగడం 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. ఏ గ్రాఫ్ట్ అయినా, సర్జన్ చేయి బాగా తిరిగిన గ్రాఫ్ట్‌ను వద్దని ఇంకోటి పట్టుబట్టి అడగడం వివేకం కాదు.

బిగించిన గ్రాఫ్ట్ మొదటి రోజు గట్టిగానే ఉంటుంది. ఆ తర్వాతే దానికి గడ్డురోజులు. రక్తసరఫరా తెగిపోవడంతో లోపలి కణాలు చచ్చిపోతాయి, కొత్త రక్తనాళాలు మెల్లగా పాకుతాయి, పాత పోగులు కరిగి కొత్తవి అల్లుకుంటాయి. స్నాయువు లిగమెంటుగా మారే ఈ క్రమానికి ఏడాది, కొందరిలో అంతకంటే ఎక్కువే పడుతుంది. సుమారు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య గ్రాఫ్ట్ అతి బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అదే సమయానికి వాపు పోయి, చేతికర్రలు పోయి, నడక మామూలై, ‘ఇక బాగైపోయింది’ అనిపిస్తుంది. నొప్పి లేకపోవడాన్ని నమ్మి ఆ రోజుల్లో పరుగు తీసినవాళ్ల ఫోన్లు సర్జన్లకు కొత్త కాదు.

గ్రాఫ్ట్ తనంతట తాను మారుతుంటుంది, దాన్ని తొందరపెట్టలేం. మనిషి చేతిలో ఉన్నది తొడ కండ. మోకాల్లో వాపు చేరగానే నరాల వ్యవస్థ తొడ ముందరి కండకు పని ఆపేయమని సంకేతం పంపుతుంది. తొలి ఫిజియో సెషన్‌లో దీన్ని కళ్లారా చూడొచ్చు. మోకాలి కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచి, దాన్ని కిందికి నొక్కమంటారు. రోగి పళ్లు బిగించి ప్రయత్నిస్తాడు. పిరుదు బిగుస్తుంది, పాదం వణుకుతుంది, భుజాలు కూడా లేస్తాయి, తొడ మాత్రం పరాయివాడిదైనట్టు కదలకుండా ఉంటుంది. బాగున్న కాలితో ఒకసారి చేసి, రెండో కాలిని చేత్తో తట్టి, మళ్లీ. రెండు మూడు రోజులకు మోకాలిచిప్ప పైన లోపలి వైపు చిన్న అల లాంటి కదలిక వస్తుంది. ఫిజియోలు ఆ అల కోసం చూస్తారు. అది రానిదే కాలు తిన్నగా ఎత్తడం రాదు, అది రానిదే నడక కుదురుకోదు. ఎంతకూ రాకపోతే కరెంటు ప్రేరణతో కండను లేపుతారు. టేపు పెట్టి మోకాలిచిప్పకు పది సెంటీమీటర్ల పైన కొలిస్తే, కొద్ది వారాల్లోనే రెండు తొడల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా కనిపించడం మామూలే. పోవడానికి వారాలు, రావడానికి నెలలు.

తొలి వారాల్లో కండ తర్వాత అంత ముఖ్యమైనది మోకాలు పూర్తిగా చాపగలగడం. చాలామంది ఎంత మడవగలిగామన్నదే లెక్కపెట్టుకుంటారు, పైకి కనబడేది అదే కాబట్టి. మడత ఆలస్యంగానైనా వస్తుంది. చాపడంలో ఐదు డిగ్రీలు తక్కువైనా కుంటు నిలిచిపోతుంది, మోకాలిచిప్ప మీద భారం పెరుగుతుంది, అదే అలవాటైతే సరిచేయడానికి ఇంకో ఆపరేషన్ దాకా పోవాల్సి రావొచ్చు. నొప్పిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం హాయిగా ఉంటుంది. ఈ హాయి వల్లే ఆ ఐదు డిగ్రీలు పోతాయి. దిండు మడమ కింద ఉండాలి.

తర్వాతి నెలల వ్యాయామ క్రమం ఎక్కడైనా దొరుకుతుంది: సైకిలు, లెగ్ ప్రెస్, ఒంటికాలి గుంజీలు, మూడు నాలుగు నెలల దగ్గర తిన్నటి పరుగు, ఆపైన గెంతులు, ఆపైన మలుపులు. దాని గురించి ఒక్క మాట చాలు. చాలామంది ఐదో నెలలో మానేస్తారు, రోజువారీ జీవితానికి ఇబ్బంది లేదు కాబట్టి.

తొమ్మిదో నెల దాటాక

ఆటకు తిరిగి వెళ్లేది ఎప్పుడన్న ప్రశ్నకు పాతకాలం జవాబు ‘ఆరు నెలలు’. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 106 మందిని గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలలదాకా ఆగిన ప్రతి అదనపు నెలకూ మళ్లీ గాయపడటం 51 శాతం చొప్పున తగ్గింది. బలం, గెంతు పరీక్షలు పాస్ కాకుండా ఆటకు వెళ్లినవారిలో 38 శాతం మందికి మళ్లీ గాయమైంది, పాసైనవారిలో 6 శాతం లోపు. చిన్న అధ్యయనం, అందులోని అంకెల్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు, కానీ దిశ స్పష్టం. స్కీయింగ్ తార లిండ్సే వాన్ 2013 ఫిబ్రవరిలో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఏసీఎల్ తెంచుకుంది. సోచి ఒలింపిక్స్‌కు ఏడాదే గడువు. ఆపరేషన్ తర్వాత అదే ఏడాది నవంబరులో, సుమారు తొమ్మిది నెలలకే, శిక్షణలో పడి ఆ కొత్త లిగమెంటు కొంత తెగింది, సోచి తప్పిపోయింది. అంటే తొమ్మిది నెలలు అన్నది కూడా కనీస గడువు, అనుమతి పత్రం కాదు.

గెంతు పరీక్షల్లో ఒక మోసం ఉంది. దెబ్బ తిన్న కాలి బలం బాగున్న కాలిలో 90 శాతానికి వస్తే పాసైనట్టు లెక్క. కానీ ఇన్ని నెలలు మూలన పడ్డ మనిషికి ‘బాగున్న’ కాలు కూడా చిక్కిపోయి ఉంటుంది. చిక్కిన కాలితో పోల్చుకుని పాసవడం తేలిక. అందుకే ఆపరేషన్‌కు ముందు, రెండో కాలు ఇంకా బలంగా ఉన్నప్పుడే దాని కొలత రాసిపెట్టుకోవడం మేలు. ఒంటికాలి మీద ఎంత దూరం గెంతాడన్నదొక్కటే చూస్తే ఇంకో మోసం. మోకాలు చేయాల్సిన పనిని తుంటీ చీలమండా పంచుకుని దూరాన్ని నిలబెట్టగలవు. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా అన్నది ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా చూస్తే తెలిసిపోతుంది.

25 ఏళ్లలోపు వయసులో ఆటకు తిరిగి వెళ్లినవారిలో సుమారు నలుగురిలో ఒకరికి మళ్లీ ఏసీఎల్ తెగుతోంది. అదే మోకాలు కావొచ్చు, రెండో మోకాలైనా కావొచ్చు. ఎంతోమంది ఈ రెండో మోకాలిని లెక్కలోకే తీసుకోరు.

ఆపరేషన్ కోరుకునేవారిలో చాలామంది చెప్పే కారణం ఆట. అనేక అధ్యయనాలను కలిపి 2014లో చేసిన సమీక్ష ప్రకారం, ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఆటకు తిరిగి వెళ్లినవారు 81 శాతం, మునుపటి స్థాయికి చేరినవారు 65 శాతం, పోటీలకు తిరిగి వెళ్లినవారు 55 శాతం. వెళ్లని వారందరి మోకాళ్లూ చెడిపోలేదు. మళ్లీ అదే జరుగుతుందేమోనన్న భయం కొందరిని ఆపింది, ఏడాది గ్యాప్‌లో చదువో ఉద్యోగమో పిల్లలో వచ్చి మరికొందరిని ఆపాయి. సర్జన్ గదిలో కూర్చున్నప్పుడు ‘నా ఆట నాకు కావాలి’ అనిపించడం సహజం, దెబ్బ తగిలి మూడు వారాలే అయి ఉంటుంది. వ్యాయామంతో మొదలుపెట్టిన మూడు నెలల్లో మోకాలి సంగతితోపాటు ఈ సంగతి కూడా తేలుతుంది. అప్పుడు కూడా సాయంత్రం కాగానే కాళ్లు మైదానం వైపే లాగుతుంటే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవచ్చు. తాజా గాయానికి చేసే ఆపరేషన్ కంటే, బలపడిన తొడతో అప్పుడు చేయించుకునేది ఏ విధంగానూ తీసిపోదని కానన్ ఐదేళ్ల లెక్కలు చెబుతున్నాయి.